తాళం తిప్పితే ఉలకదు, పలకదు: పాత తోట ట్రాక్టరుతో నా అనుభవం

మా పాత తోట ట్రాక్టరు మొండికేసే తీరులో ఒక వరస ఉండేది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే అందుకునేది. సగం గడ్డి కోసి, ఆపి, మళ్లీ తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. హెడ్‌లైట్లు మాత్రం నిక్షేపంగా వెలిగేవి. కాసేపు నీడన వదిలేసి వస్తే మళ్లీ మామూలే. పోనుపోను చల్లటి ఇంజనుతో కూడా ఇదే తంతు మొదలైంది. చూసినవాళ్లలో కొందరు బ్యాటరీ పోయిందన్నారు, కొందరు సోలినాయిడ్ (ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) మార్చమన్నారు, ఇంకొకరు సెల్ఫ్ మోటారే విప్పించమన్నారు.

లోపం ఎక్కడుందో తెలియకుండా ఒకదాని తర్వాత ఒకటి పార్టులు మార్చుకుంటూ పోవడం నాకు గిట్టదు. అలా మారుస్తుంటే ఏదో ఒక దగ్గర బండి స్టార్టవుతుంది, నిజమే. కానీ కొత్త పార్టు వల్ల అయిందో, దాన్ని బిగించేటప్పుడు పాత వైరు కదిలి అయిందో ఎవరూ చెప్పలేరు. వైరు కదలడం వల్లే అయితే కొన్నాళ్లకు అదే జబ్బు తిరగబెడుతుంది. ఈ బండి దశాబ్దాలుగా పని చేస్తోంది, ఇంజనులో వంక లేదు. దానికి తగిన ఓపికతోనే చూడాలనుకున్నాను.

మీటరు తీయకముందు చెవితో చేయాల్సిన పని ఒకటుంది. తాళం తిప్పినప్పుడు ఏ శబ్దమూ రాకపోతే, సోలినాయిడ్‌ను కదిలించే చిన్న కరెంటు దానిదాకా చాలినంతగా చేరడం లేదని సాధారణంగా అర్థం. ఒక్కసారి గట్టిగా ‘టక్’ మని ఊరుకుంటే సోలినాయిడ్ కదిలింది, దాని తర్వాతి లావు కేబుళ్లలోనో, సెల్ఫ్ మోటారులోనో అడ్డు ఉంది. ‘టకటకటక’ అని ఆగకుండా కొట్టుకుంటే బ్యాటరీ నీరసించింది, లేదా దాని టెర్మినళ్లు పట్టు తప్పాయి. ఇంజను బాగానే తిరుగుతూ అందుకోకపోతే చూడాల్సింది స్పార్కు, పెట్రోలు. మా బండి ఎక్కువసార్లు నిశ్శబ్దం, అప్పుడప్పుడు మాత్రం ‘టక్’. అంటే రెండు చోట్ల లోపం ఉండొచ్చని అప్పుడే అనుమానం వచ్చింది.

పని మొదలుపెట్టే ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, ప్లగ్గు మీది వైరు లాగి దూరంగా కట్టేశాను. చేతి గడియారం, ఉంగరం తీసేశాను. ఉంగరం తగిలి బ్యాటరీ షార్టయితే అది క్షణంలో ఎర్రగా కాలుతుంది, వేలు దక్కదు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. చార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దాని దగ్గర నిప్పురవ్వ పుట్టే పని ఏదీ చేయకూడదు.

అందరూ బ్యాటరీనే అనుమానించారు కనుక దానితోనే మొదలుపెట్టాను. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా చార్జయి, కొన్ని గంటలు కదపకుండా ఉంచాక 12.6 నుంచి 12.7 వోల్టులు చూపాలి. 12.2 దగ్గరుంటే సగమే ఉన్నట్టు. లోపల ఆరు సెల్లులు, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. ఎంత చార్జి చేసినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే ఒక సెల్లు షార్టయిందని లెక్క, దాన్ని మార్చక తప్పదు. మాది 12.5 చూపింది. హెడ్‌లైట్లు వేసి కొన్ని నిమిషాలు ఉంచినా 12.3 కంటే కిందికి దిగలేదు. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడిని వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, సీసం మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించాను. తాళం తిప్పితే నిశ్శబ్దమే. అయినా అదేమీ వృథా కాదు. ఇక్కడ శుభ్రత లేకుండా తర్వాత తీసుకునే ఏ కొలతనూ నమ్మలేం.

తర్వాత పని కాగితం మీద. ట్రాక్టరు వైర్ల రంగులు వెలిసిపోయాయి, ఎరుపు ఏదో నారింజ ఏదో పోల్చుకోలేనట్టు ఉన్నాయి. ఒక్కో వైరునూ వేలితో పట్టుకుని చివరిదాకా వెళ్లి బొమ్మ గీసుకున్నాను. గీశాక తేలింది ఏమిటంటే, ఉన్నవి రెండే దారులు. పెద్ద దారి: బ్యాటరీ పాజిటివ్ నుంచి లావు కేబుల్, సోలినాయిడ్ పెద్ద బోల్టులు, సెల్ఫ్ మోటారు, ఇంజను బాడీ, ఎర్త్ కేబుల్, బ్యాటరీ నెగటివ్. ఇంజను తిరిగే ఆ కొద్ది క్షణాలు ఇందులో వంద ఆంపియర్ల దాకా పారుతుంది. చిన్న దారి: బ్యాటరీ, ఫ్యూజు, తాళం స్విచ్, బ్రేకు పెడల్ కింది స్విచ్, బ్లేడు స్విచ్, అక్కడి నుంచి సోలినాయిడ్ చిన్న టెర్మినల్. ఇందులో పారేది రెండు మూడు ఆంపియర్లే. మా సోలినాయిడ్‌కు మూడు టెర్మినళ్లు ఉన్నాయి, దాని ఎర్త్ దాని రేకు బాడీ గుండానే వెళుతుంది. నాలుగు టెర్మినళ్ల రకానికి ఎర్త్ వైరు విడిగా ఉంటుంది. కొన్నిసార్లు భద్రతా స్విచ్‌లు ఆ ఎర్త్ వైపే ఉంటాయి. ఇది చూసుకోకుండా వెతికితే రోజంతా లేని లోపం కోసం వెతకాల్సి వస్తుంది.

సీటు కింది స్విచ్ మా బండిలో ఈ దారిలో లేదు. అది ఇంజనును ఆపే వైరు మీద ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

అసలు విషయం ఇక్కడుంది. సోలినాయిడ్ చిన్న టెర్మినల్ నుంచి వైరు ఊడదీసి, తాళం తిప్పి, ఆ వైరు కొసన మీటరు పెడితే 12.4 వోల్టులు చూపింది. చాలామంది ఇక్కడే ‘కరెంటు వస్తోంది, సోలినాయిడే పోయింది’ అని తీర్మానిస్తారు. నేను ఆ వైరును తిరిగి తగిలించి, కరెంటు పారుతుండగా మళ్లీ కొలిచాను. చిన్న టెర్మినల్‌కూ సోలినాయిడ్ బాడీకీ మధ్య 7.3 వోల్టులే ఉన్నాయి.

పూడుకుపోయిన నీళ్ల గొట్టానికి చివర కొళాయి కట్టేసి ఒత్తిడి కొలిస్తే పూర్తిగానే ఉంటుంది. కొళాయి విప్పితేనే ధార సన్నబడుతుంది. చిలుము పట్టిన అతుకూ అంతే. మీటరు తీసుకునే కరెంటు దాదాపు సున్నా కాబట్టి, ఎంత చెడ్డ అతుకైనా దానికి 12 వోల్టులూ చూపిస్తుంది. సోలినాయిడ్ లోపలి రాగి తీగ చుట్ట రెండు ఆంపియర్లు లాగినప్పుడే అతుకు అసలు గుణం తెలుస్తుంది. పాత బండ్ల కరెంటు లోపాల్లో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. వైరు విప్పి కొలవకండి, భారం మీద ఉండగా కొలవండి.

12.4 లోంచి 7.3 తీసేస్తే 5.1 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. చుట్టూ ఒక వలయంగా తిరిగే దారిలో అన్ని నష్టాలూ కలిపితే బ్యాటరీ వోల్టేజీకి సరిగ్గా సమానం కావాలని 1845లో జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ చెప్పిన సూత్రం ఉంది కదా, నాకు తోడుగా అది చాలు. ఒక్కో అతుకుకు అటూ ఇటూ మీటరు ముల్లులు పెట్టి, తాళం తిప్పి పట్టుకున్నప్పుడు అక్కడ ఎంత పోతోందో చూస్తూ పోవడమే పని. దీనికి రెండో మనిషి కావాలి. మా అమ్మాయి బ్రేకు తొక్కి సీటు మీద కూర్చుంది. అంతకు ముందే సోలినాయిడ్ నుంచి సెల్ఫ్ మోటారుకు వెళ్లే లావు కేబుల్ విప్పి, కొసకు టేపు చుట్టి పక్కకు కట్టేశాను. తాళం ఎంతసేపు పట్టుకున్నా ఇంజను తిరగదు, బ్యాటరీ కూడా దిగిపోదు.

“నాన్నా, తిప్పనా?”

“తిప్పి పట్టుకో తల్లీ... చాలు, వదిలెయ్.”

ఫ్యూజు పట్టీ దగ్గర 0.6. తాళం స్విచ్ వెనక రెండు టెర్మినళ్ల మధ్య 0.9. బ్లేడు స్విచ్ దగ్గర 0.2. సోలినాయిడ్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.3. బ్రేకు పెడల్ స్విచ్ కనెక్టరు దగ్గర ముల్లులు పెట్టగానే 3.1. అమ్మాయి కాగితం మీద కూడి “ఐదు పాయింట్ ఒకటి, సరిగ్గా వచ్చింది నాన్నా” అంది. పోయిన ప్రతి వోల్టుకూ లెక్క దొరికింది.

ఆ కనెక్టరు పెడల్ కింద, తడి గడ్డి ఎగిరిపడే చోట ఉంది. విప్పి చూస్తే ఒక పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. పిన్ను మీద పచ్చటి చిలుము. వైరు తొడుగు పైకి బాగానే ఉంది. కానీ కొంచెం కోసి చూస్తే లోపలి రాగి పోగులు నల్లగా, పొడిపొడిగా ఉన్నాయి. తేమ పోగుల మధ్య నుంచి తొడుగు లోపలికి పాకుతుంది. అందుకే కొస ఒక్కటే గీకి తిరిగి బిగిస్తే సరిపోదు, మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి. అలాగే కోసి, కొత్త వైరు ముక్క అతికి, కొత్త లగ్గు (వైరు కొసన నొక్కి బిగించే లోహపు తొడుగు) వేసి, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి ముడిచాను. ఇలా అదిరే బండ్లలో టంకం కన్నా సరైన పట్టకారుతో నొక్కిన లగ్గే నాకు నమ్మకం. టంకం పాకినంత మేర వైరు బిరుసెక్కి, ఆ బిరుసు ఆగిన చోటే పోగులు విరుగుతాయి.

వేడెక్కాక మొండికేయడానికి కారణం కూడా ఇక్కడే తెలిసింది. రాగి నిరోధం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ఇంజను వేడికి సోలినాయిడ్ చుట్ట 50 డిగ్రీలు పెరిగితే దాని నిరోధం ఇంచుమించు ఐదో వంతు ఎక్కువవుతుంది, అందులో పారే కరెంటు ఆ మేరకు తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు అరకొర వోల్టేజీతో ఎలాగో లాక్కొచ్చిన ప్లంజరు (సోలినాయిడ్ లోపల కదిలే ఇనుప కడ్డీ), అదే వోల్టేజీతో వేడి మీద కదలలేకపోయింది. నీడన వదిలేస్తే బాగుపడుతుందంటే అది అంతుపట్టని జబ్బు కాదన్నమాట. ఇది తేలినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

మిగతావి త్వరగానే అయిపోయాయి. ఫ్యూజు పట్టీ శుభ్రం చేశాను. తాళం స్విచ్ పిన్నులు తళతళలాడేలా గీకాను. సోలినాయిడ్ బిగించే బోల్టుల కింద రంగు తీసేసి లోహానికి లోహం ఆనేలా చేశాను. తర్వాత చుట్టకు అందింది 11.7 వోల్టులు. ఇలాంటప్పుడు చిన్న దారికి ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) జోడించి, సోలినాయిడ్‌కు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది తప్పు పద్ధతి కాదు. రిలే చుట్ట చాలా తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి పాత అతుకులతోనూ పని చేస్తుంది. వైర్ల కట్ట మొత్తం ఒకేలా ముసలిదైపోతే నేనూ అదే చేస్తాను. ఒకే కనెక్టరు 3 వోల్టులు మింగుతున్నప్పుడు మాత్రం దాన్ని వదిలేసి రిలే పెట్టడానికి మనసొప్పలేదు. అక్కడ వేడి పుడుతూనే ఉంటుంది.

లావు కేబుల్ తిరిగి బిగించి తాళం తిప్పితే ఈసారి ప్రతిసారీ ‘టక్’ మంటోంది. కానీ ఇంజను ఒకసారి తిరుగుతోంది, ఒకసారి మూలుగుతోంది. ఇక పెద్ద దారి వంతు. కొలత పద్ధతి అదే, అంకెల అర్థమే వేరు. వంద ఆంపియర్లు పారే చోట 0.05 ఓముల నిరోధం చాలు, 5 వోల్టులు పోవడానికి. మామూలు మీటరు ఓముల కొలతలో అంత చిన్న నిరోధం తేలనే తేలదు, అది దాని సొంత వైర్ల నిరోధంలోనే కలిసిపోతుంది. ఇక్కడ కూడా వోల్టుల నష్టమే చూడాలి. ముల్లును కేబుల్ లగ్గు మీద కాకుండా బ్యాటరీ సీసపు స్తంభం మీదే ఆనించాలి, లేకపోతే లగ్గుకూ స్తంభానికీ మధ్య ఉన్న లోపం కొలతలోకే రాదు.

ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 10.9 వోల్టులు ఉన్నాయి. తిరిగేటప్పుడు 9.6 కంటే దిగకపోతే బ్యాటరీ బాగున్నట్టే, అంటే అందరూ దోషిగా తేల్చిన బ్యాటరీ నిర్దోషి. సెల్ఫ్ మోటారుకు అందుతున్నది మాత్రం 8.4. పాజిటివ్ వైపు సోలినాయిడ్‌తో కలిపి 0.4 పోతోంది, అది సహజమే. మిగిలిన 2.1 ఇంజను బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య పోతోంది. ఎర్త్ వైపు 0.2 దాటకూడదు.

ఎర్త్ కేబుల్ చాసిస్‌కు బిగించిన చోట పానా పెట్టి విప్పితే లగ్గు కింద తుప్పు పొరలు పొరలుగా లేచింది. ఎప్పుడో ఎవరో రంగు వేసినప్పుడు బోల్టుతో సహా పూసేశారు. ఎర్త్ అంటే ఏదో ఒక రేకుకు తగిలిస్తే చాలని చాలామంది అనుకుంటారు. వెళ్లిన వంద ఆంపియర్లూ తిరిగి రావాల్సింది ఆ ఒక్క బోల్టు గుండానే, దానికి పాజిటివ్ కేబుల్‌కు ఉన్నంత గౌరవం ఇవ్వాలి. గరుకు కాగితంతో లోహం బయటపడేదాకా రుద్ది, పళ్లున్న వాషరు వేసి గట్టిగా బిగించి, పైన గ్రీజు పూశాను. ఇంజనును చాసిస్‌కు బిగించే బోల్టుల్లో ఒకదాని కిందా అదే చేశాను. ఈసారి ఎర్త్ నష్టం 0.1. బ్యాటరీ దగ్గర 10.6 కు దిగింది, ఎందుకంటే మోటారు ఇప్పుడు ఎక్కువ కరెంటు లాగగలుగుతోంది. మోటారుకు 10.1 అందుతోంది. ప్లగ్గు వైరు తగిలించి తాళం తిప్పితే సగం చుట్టులోనే అందుకుంది. అమ్మాయి సీటు మీదే చప్పట్లు కొట్టింది.

గతుకుల మీద ఇంజను ఒక్కసారిగా తడబడి మళ్లీ అందుకునే అలవాటు ఒకటి ఈ బండికి ముందునుంచీ ఉంది. అది పెట్రోలు సంగతి అనుకుంటూ వచ్చాం. ఇది మాగ్నెటో ఇంజను, అంటే తిరిగే అయస్కాంతంతో స్పార్కు పుట్టించుకునేది. దానికి స్పార్కు ఇవ్వడానికి బ్యాటరీ అక్కర్లేదు. ఆపే వైరును ఎర్త్‌కు తగిలిస్తే ఆగుతుంది, తగలకపోతే నడుస్తూనే ఉంటుంది. సీటు స్విచ్ కూడా ఈ వైరునే ఎర్త్ చేస్తుంది. కనుక ఆ వైరు తొడుగు ఎక్కడ ఒరుసుకుపోయి బాడీకి తగిలినా స్పార్కు పోతుంది. ఇంజను ఆపి, ఆపే వైరును స్పార్కు పుట్టించే కాయిల్ వైపు ఊడదీసి, తాళం ‘ఆన్’ లో పెట్టి, సీటు మీద మనిషిని కూర్చోబెట్టి, వైరుకూ బాడీకీ మధ్య ఓములు చూస్తూ వైర్ల కట్టను అక్కడక్కడా కదిపాను. డాష్‌బోర్డు కింద రేకు అంచు దాటే చోట కదపగానే మీటరు సున్నాకు పడింది. రేకు రంధ్రంలో ఉండాల్సిన రబ్బరు బుష్ ఎప్పుడో రాలిపోయింది. కొత్త బుష్ పెట్టి, వైరుకు తొడుగు వేసి కట్టేశాను.

ఈ వైరు విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పి తీరాలి. దీనికి పొరపాటున కూడా బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇవ్వకూడదు, కాయిల్ కాలిపోతుంది. రెండోది, ఇది ఊడి ఉండగా ఇంజను స్టార్ట్ చేస్తే తాళంతో ఆగదు, సీటు దిగినా ఆగదు.

భద్రతా స్విచ్‌ల గురించి నా మాట కటువుగానే ఉంటుంది. లోపం వెతకడానికి ఒక స్విచ్‌ను ఒక నిమిషం పాటు వైరు ముక్కతో కలిపి చూడటం వేరు, ఆ వైరు ముక్కను అలాగే వదిలేసి గడ్డి కోయడం వేరు. తరచుగా చెడిపోయేవి ఇవే కాబట్టి చాలా పాత బండ్లలో వీటిని శాశ్వతంగా కలిపేసి ఉంటారు. మనిషి జారి పడితే బ్లేడును ఆపేది సీటు స్విచ్చే. గేరు పడి ఉన్న బండి తాళం తిప్పగానే ముందుకు దూకకుండా ఆపేది పెడల్ స్విచ్చే. మా అమ్మాయిని ఆ సీటు మీద కూర్చోబెట్టి తాళం తిప్పించగలిగానంటే, ఆ రెండూ పని చేస్తున్నాయని ముందే పరీక్షించి ఉండటం వల్లే.

చివరిగా చార్జింగు చూశాను. ఇంజను పూర్తి వేగంలో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఫ్లైవీల్ కింద కరెంటు పుట్టించే స్టేటరూ, దాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటరూ తమ పని చేస్తున్నట్టే. వేగం పెంచినా 12.5 దగ్గరే నిలిచిపోతే ఎంత మంచి బ్యాటరీ అయినా కొన్ని స్టార్టులకే దిగిపోయేది. ఈ అంకెలన్నీ వైర్ల బొమ్మ పక్కనే రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి బానెట్ లోపల అతికించాను. ఫ్యూజు పట్టీని గీకి శుభ్రం చేశానే గానీ దాని స్ప్రింగు పట్టు సడలింది. అక్కడ నష్టం మళ్లీ 0.3 దాటితే మూత ఉన్న కొత్త పట్టీ వేయాలి.